అద్దాల బోగీ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ అరకు అద్దాల బోగీ (రైల్వే వాళ్ల భాషలో విస్టాడోమ్) గారికి, అదే రైల్లో వెనక పెట్టెల్లో ఇనప చువ్వల పక్కన కూర్చునేవాళ్లం నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. తమరు 2017లో విశాఖ స్టేషన్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల ఒకరోజు సెలవంటే తమరే. ఆ కొండ అంతకుముందూ ఉంది, ఆ రైలూ ఉంది. నెత్తిన అద్దం బిగించాక గానీ జనానికి అది చూడదగ్గ కొండ అని తెలియలేదు.

ముఖ్యంగా రాయునది తమరి నెత్తి గురించే. పైకప్పులోంచి ఏం చూడమని తమరి ఉద్దేశం? ఇది కరెంటు లైను. తలెత్తగానే 25 వేల వోల్టుల తీగ, దాన్ని మోసే స్తంభం, ఆ తర్వాత ఇంకో స్తంభం. వాటన్నిటికీ పైన ఎక్కడో ఆకాశం. లోయ మాత్రం పైన ఉండదండీ, కింద ఉంటుంది. పక్క కిటికీలోంచి మెడ వంచి చూడాలి. ఆ పని మా చువ్వల్లోంచి కూడా జరుగుతుంది. పైగా గాలి కూడా వస్తుంది. తమరి దగ్గర అద్దం తెరుచుకోదు, ఏసీ కదా.

పోనీ సొరంగాల్లో తమరి ప్రతాపం చూద్దామా? లైను మొత్తం మీద 58 సొరంగాలని లెక్క. రైలు సొరంగంలో దూరగానే తమరి లోపలి లైట్ల వెలుతురుకి కిటికీలన్నీ నిజంగానే అద్దాలైపోతాయి. లోయ కోసం అంత డబ్బు పోసి కొనుక్కున్న సీట్లో ఎవరి మొహం వాళ్లకే కనిపిస్తుంది. మా పెట్టెలో అయితే పిల్లలూ పెద్దలూ కలిసి ‘ఓ...’ అని ఒకటే కేక. సొరంగం తిరిగి అరుస్తుంది. ఏసీ పెట్టెలో అరిస్తే పక్కసీటు వాళ్లు చూస్తారు.

అయినా తమరి 44 సీట్ల కోసం జనం కొట్టుకుంటారు కాబట్టి, తమరి తరఫున నాలుగు ముక్కలు మేమే చెప్పేస్తాం. రిజర్వేషను ప్రయాణం రోజు కాక 60 రోజుల ముందు, పొద్దున్న 8 గంటలకి తెరుచుకుంటుంది. చలికాలం శని, ఆదివారాలకైతే ఎనిమిదింటికి కాఫీ పెట్టుకుని ఎనిమిదింపావుకి కూర్చుంటామంటే కుదరదు. కిటికీ సీటు కావాలని కోరొచ్చు గానీ అది కుడి కిటికీయా ఎడమ కిటికీయా అన్నది కంప్యూటర్ చిత్తం. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే బండ్లు రెండు. ఒకటి పొద్దున్నే బయల్దేరే పాసింజరు, రెండోది రాత్రి ఎక్స్‌ప్రెస్. ‘ఎక్స్‌ప్రెస్ కదా, తొందరగా పోతుంది’ అని రెండోది బుక్ చేసేవాళ్లు ఏటా ఉంటారు. ఘాట్ మొత్తం చీకట్లో దాటి, అర్ధరాత్రి అరకు ప్లాట్‌ఫారం మీద చలికి వణుకుతూ దిగుతారు.

పాసింజరు విశాఖలో ఏడు లోపే కదులుతుంది. అరకు దాకా సుమారు 130 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. ఈ నాలుగు గంటలూ చూడాల్సినవేనా అంటే కాదు. కొత్తవలస, ఎస్.కోట వరకూ పొలాలూ తోటలూ, ఏ రైల్లోంచైనా కనిపించేవే. అసలు సంగతి బొడ్డవర దాటాక మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు: ఈ నాలుగు పేర్ల మధ్యే తమరి టికెట్టు డబ్బంతా ఉంది. తమరి ప్రయాణికులేమో సింహాచలం దగ్గర్నుంచే వీడియోలు మొదలుపెట్టి, పెందుర్తిలో పులిహోర పొట్లం విప్పి, ఎస్.కోటకి నిద్రలోకి జారి, చిమిడిపల్లి వచ్చేసరికి ఫోన్లో ఛార్జింగ్ లేక తమరి గోడల్లో ప్లగ్గు వెతుకుతుంటారు.

ఘాట్‌లో ఎక్కుడు అరవైకి ఒకటి, అంటే 60 మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు పైకి. వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ రైలుకి అది నిట్టూర్పు పెట్టే కొండ. వేగం తగ్గుతుంది, చక్రాలు వంపుల్లో కీచుమంటాయి. ఒక పక్క లోయ, రెండో పక్క చెయ్యి చాపితే తగిలేట్టు కొండరాయి. ఆ రాయి పక్క సీటు పడిందని ఏడ్చేవాళ్లు వానాకాలంలో ఒకసారి దాన్ని చూడాలి. నాచు మీదుగా నీళ్లు సన్నగా జారుతుంటాయి, పగుల్లో వేరు దిగిన మొక్క రైలు గాలికి ఊగుతుంటుంది. లోయ దూరంగా ఉంటుంది కాబట్టి ఫోటోలో పడుతుంది, ఇది పడదు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. తమరి అద్దంలోంచి తీసిన ప్రతి లోయ మీదా ఒక ట్యూబ్‌లైటూ ఒక పసుపు చొక్కా తేలుతుంటాయి. ఫోన్ లెన్స్‌ని అద్దానికి పూర్తిగా ఆనించి, చుట్టూ చేత్తోనో నల్ల చున్నీతోనో మూస్తే ఆ చొక్కా పోతుంది. అద్దం బయటి మురికికి మాత్రం మందు లేదు.

ఇక తమరి తిరిగే కుర్చీలు. 180 డిగ్రీలు తిరుగుతాయని ప్రచారం. తిరుగుతాయి, కాదనం. కానీ కాళ్ల దగ్గర సూట్‌కేసు ఉంటే ఆగుతాయి, పక్క సీటాయన నిద్రలో ఉంటే ఆయన్ని లేపాలి, తిరిగాక వెనక వరసవాళ్ల మోకాళ్లు మన మోకాళ్లని పలకరిస్తాయి. చివర్లో నిలబడి చూసే పెద్ద కిటికీ ఉంది కదా, తమర్ని రైలు కొసన తగిలిస్తే దాంట్లోంచి వెనక్కి పోయే పట్టాలు అద్భుతం. మధ్యలో తగిలిస్తే పక్క బోగీ తలుపు దర్శనం.

బొర్రాలో దిగాలా, అరకు దాకా పోవాలా అన్నది ఇంట్లోనే తేల్చుకుని రావాలి. గుహలు చూడాలంటే బొర్రాలో దిగి, మిగతా దూరం జీపులో పోవడం సుఖం. దిగకపోతే మాత్రం శిమిలిగుడ తప్పిపోకూడదు. ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తైనదన్న పేరు చాలా ఏళ్లు దానిదే. కాశ్మీర్లో బ్రాడ్‌గేజ్ పడ్డాక ఆ బిరుదు పోయింది, స్టేషన్‌కి ఆ విషయం పట్టినట్టు లేదు. అక్కణ్ణుంచి రైలు అరకు లోయలోకి దిగుతుంది. చలికాలం మొదట్లో వలిసె పూలు విచ్చితే పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టుంటాయి.

తిరుగు టికెట్టు కూడా తమరిలోనే తీసుకునేవాళ్లకి ఒక మాట. బండి పొద్దున్నుంచీ కిరండూల్ నుంచి వస్తూ ఉంటుంది, అరకు చేరేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో, అదీ ఆలస్యం లేకపోతే. నవంబర్లో అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది. కాసేపు ఆలస్యమైతే ఘాట్ దిగేదంతా చీకట్లోనే. మళ్లీ మొహమే అద్దంలో. పైకి రైల్లో, కిందికి అనంతగిరి మీదుగా బస్సులో రావడమే లాభం. కాఫీ తోటలు చూడొచ్చు. వాంతులు వచ్చేవాళ్లు ముందు సీట్లో కూర్చుంటే సరి.

తమరొక సంగతి మర్చిపోకూడదు. ఈ లైను వేసింది తమరి కోసం కాదు, మా కోసం అంతకన్నా కాదు. కిరండూల్ దగ్గర బైలదిల్లా కొండల్లోని ఇనప ఖనిజం విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపానుకి చేరడం కోసం 1960ల్లో జపాను సాయంతో వేసిన లైను ఇది. అందుకే ఘాట్ స్టేషన్లలో తమరు ఆగి నిలబడితే, ఎదురుగా ఎర్రదుమ్ము కొట్టుకున్న గూడ్సు తీరిగ్గా దిగిపోతుంది. జోరు వానల్లో పట్టాల మీద బండలు పడితే తమరి ప్రయాణమే రద్దు. జులై, ఆగస్టుల్లో జలపాతాల కోసం బుక్ చేసుకునేవాళ్లు హోటలు గదికి ముందే మొత్తం డబ్బు కట్టకపోవడం మంచిది.

నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలోంచి పోయే బండి కూడా ఉంది. గాజులపల్లె, చలమ, దిగువమెట్ట. సాదా కిటికీ, సాదా టికెట్టు. అటు ఇంకా తమరి చూపు పడలేదు. పడకుండా ఉండాలని మొక్కుకుంటున్నాం.

జవాబు రాయక్కర్లేదు. పైకప్పు సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ పక్క అద్దాలు బయటి వైపు ఒకసారి తుడిపించండి.

ఇట్లు,
తమరి వెనక పెట్టెలో, జామకాయ కొరుకుతున్నవాళ్లు