బేరింగుకు ముస్తాబు

యంత్రానికి ఎంత జబ్బు చేసినా వణకడం తప్ప మరో భాష రాదు. ఆ వణుకును, అది విని జబ్బేమిటో చెప్పాల్సిన కంప్యూటర్ మోడలుకు ఉన్నదున్నట్టుగా వినిపించడం మర్యాద కాదని పండితలోకం ఏనాడో తీర్మానించింది గనుక, ముందు దానికి తగిన వేషం కట్టాలి. వణుకులో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే ఫూరియే స్పెక్ట్రమ్ పాత వేషం. 1965లో కూలీ, ట్యూకీలు దాన్ని చకచకా లెక్కగట్టే దారి చూపించాక షాపుఫ్లోరు మీద ఉన్నవాళ్లకు కూడా అర్థమవుతోంది. అందరికీ అర్థమయ్యేదానిలో పరిశోధన ఏముంటుంది?

అందుకే స్పెక్ట్రోగ్రామ్, అంటే ఆ పౌనఃపున్యాలు కాలంతోపాటు ఎలా మారాయో చూపే బొమ్మ. అందులో ఒక్కో చుక్క దగ్గర ఉన్నది ఒకే అంకె, కానీ రంగు పూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడవుతుంది. సమాచారం పెరగకపోయినా హోదా పెరుగుతుంది. ఆపైన దాన్ని 224 పిక్సెళ్ల చదరంగా కుదించి, కుక్కలనూ పిల్లులనూ గుర్తుపట్టడంలో ఆరితేరిన నెట్‌వర్కు ముందు నిలబెడతారు. మెల్ స్కేలు వర్గంవారు మరింత సంస్కారవంతులు. మనిషి చెవి పై పౌనఃపున్యాల తేడాలను అంతగా పట్టించుకోదు కాబట్టి వాటిని గంపగుత్తగా కలిపేయడం ఆ స్కేలు ధర్మం. బేరింగులో చిన్న పగులు తగిలినప్పుడల్లా లోహం గణగణలాడేది సరిగ్గా ఆ కిలోహెర్ట్జ్‌ల మేరలోనే కావడం బేరింగు చేసుకున్న పాపం.

ఆ గణగణలు సెకనుకు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కగట్టే ఎన్వలప్ స్పెక్ట్రమ్ సంగతి చెప్పనక్కర్లేదు. నిమిషానికి 1797 చుట్లు తిరిగే 6205 రకం బేరింగు బయటి రింగులో దెబ్బ ఉంటే, 107 హెర్ట్జ్ దగ్గర గీత నిలబెట్టి వేలితో చూపిస్తుంది. అలా చూపించేస్తే ఇక మోడలుకు పనేముంది? దాని దోషం అదే.

ఇక ఈ వేషాల మధ్య పోటీ ఫలితాలు. కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం అందరికీ ఇచ్చిన బేరింగుల వణుకు డేటాలోంచి, సెకనుకు 12,000 శాంపిళ్లు, అంటే కొలతలు, ఉన్న ఒక రికార్డింగును తీసుకుని, 1024 శాంపిళ్ల ముక్కలుగా, అంటే షాఫ్టు రెండున్నర చుట్లు తిరిగేంత మేర, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కోసి, కలగాపులగం చేసి, కొన్నిటితో పాఠం చెప్పి, మిగిలినవాటితో పరీక్ష పెడతారు. పద్యం మొదటి పాదం నేర్పి, సగం అదే పాదం ఉన్న ప్రశ్న అడిగితే తప్పేదెవరు? ముడి సిగ్నలుకూ, దాన్ని చిట్టి అలలుగా విడగొట్టే వేవ్‌లెట్టుకూ, రంగుల బొమ్మకూ అందరికీ నూటికి 99 పైనే. మోడలు పగులును గుర్తుపట్టిందో, ఆ ఒక్క బేరింగు ముఖాన్నే గుర్తుపట్టిందో అడగడం సభామర్యాద కాదు.

ఎప్పుడైనా ఒక చాదస్తుడు లేచి, పాఠంలో లేని బేరింగుతో పరీక్ష పెట్టమంటాడు. పెడితే మార్కులు జారిపోతాయి. అప్పుడు పెద్దలు గంభీరంగా సమావేశమై, బొమ్మలో పసుపు కాస్త ఎక్కువైందని తేల్చి, వేరే రంగుల పట్టికకు మారతారు.