దిర్హమ్ అంటే 1966 నాటి మన రూపాయే

1947లో ఒక రూపాయికి ఒక డాలర్ వచ్చేదని ప్రతి ఆగస్టు 15కీ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. అది శుద్ధ అబద్ధం, అప్పుడు డాలర్ 3.30 రూపాయల చుట్టూ ఉండేది, 1949లో పౌండ్‌తో పాటు మనమూ విలువ తగ్గించుకున్నాక 4.76 అయింది. కానీ రూపాయితో నిజంగానే ఒకటికి ఒకటిగా మొదలైన కరెన్సీ ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అదే దుబాయ్ దిర్హమ్.

కువైట్, బహ్రెయిన్, ఖతర్, దుబాయ్, అబుదాబి, ఒమన్ ఇలా గల్ఫ్ తీరమంతా బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి మన రూపాయి నోట్లే నడిచేవి, స్వాతంత్య్రం వచ్చాక కూడా అదే పద్ధతి. తలనొప్పి బంగారంతో వచ్చింది. ఇక్కడ బంగారం రేటు బయటి దేశాల కంటే బాగా ఎక్కువ కాబట్టి దుబాయ్ నుంచి పడవల్లో దొంగ బంగారం దిగేది, దానికి మనవాళ్లు ఇచ్చిన రూపాయి నోట్లు గల్ఫ్‌కి పోయి అక్కడి బ్యాంకుల ద్వారా తిరిగి రిజర్వ్ బ్యాంకు దగ్గరికే వచ్చేవి, వాటికి బదులు పౌండ్లు ఇవ్వక తప్పేది కాదు. అంటే స్మగ్లింగ్ బిల్లు కూడా మన విదేశీ మారక నిల్వల నుంచే కట్టామన్నమాట! అందుకే 1959లో చట్టం సవరించి గల్ఫ్ కోసం వేరే నోట్లు కొట్టారు, రంగు వేరు, నంబర్ ముందు జడ్ అక్షరం, మన దేశంలో చెల్లవు, విలువ మాత్రం మామూలు రూపాయిదే.

కువైట్ తొందరగానే తప్పుకుంది, 1961లో సొంత దినార్ తెచ్చుకుంది, పౌండ్ సైజులో పెట్టుకుంది కాబట్టి ఒక దినార్‌కి పదమూడున్నర కంటే కాస్త తక్కువ రూపాయలు. (కువైట్ దినార్ ప్రపంచంలోనే ఖరీదైన కరెన్సీ అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, యూనిట్ పెద్దది పెట్టుకుంటే రేటు పెద్దగానే కనిపిస్తుంది.) 1965లో బహ్రెయిన్ కూడా పది రూపాయలకి ఒక దినార్ చొప్పున వెళ్లిపోయింది.

మిగిలినవాళ్లని తరిమింది మనమే. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు, ఆపైన కరువు, అమెరికా సాయం ఆగిపోవడం, వరల్డ్ బ్యాంక్ ఒత్తిడి, అన్నీ కలిసి 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ 36.5 శాతం తగ్గించింది, డాలర్ 4.76 నుంచి 7.50కి పోయింది. ఇక్కడ దాని మీద జరిగిన రాజకీయ గొడవ అందరికీ తెలుసు, కానీ ఢిల్లీ నిర్ణయంతో ఏ సంబంధమూ లేని దుబాయ్ వ్యాపారి చేతిలో ఉన్న నోటు కూడా అదే రోజు మూడో వంతుకి పైగా విలువ పోగొట్టుకుంది. ఇంకెందుకు ఉంచుకుంటారు? ఖతర్, దుబాయ్ కలిసి అదే ఏడాది సొంత రియాల్ తెచ్చాయి, దానికి పెట్టిన విలువ సరిగ్గా తగ్గించక ముందటి రూపాయి విలువ. 1973లో ఎమిరేట్స్ మొత్తానికి దిర్హమ్ వచ్చినప్పుడు ఆ రియాల్‌కి ఒకటికి ఒకటిగా మార్చారు. ఆ లెక్కన ఇవాళ్టి దిర్హమ్ 1966 జూన్ 5 నాటి మన రూపాయి.

అక్కడి నుంచి రెండూ రెండు దారులు పట్టాయి. దిర్హమ్ 1980ల నుంచి డాలర్‌కి 3.67 దగ్గర, 1997 నుంచి అధికారికంగా 3.6725 దగ్గర కదలకుండా కూర్చుంది. కాబట్టి దిర్హమ్ రేటు అని మనం రోజూ చూసేది వేరే రేటేం కాదు, డాలర్ రేటుని 3.67తో భాగిస్తే వచ్చేదే. 1990లో అయిదు లోపు ఉండేది, 1991 జూలైలో రెండు దఫాలుగా రూపాయి తగ్గించాక ఏడయింది, 2013 ఆగస్టులో డాలర్ 68 దాటినప్పుడు 18 దాటింది, 2022 చివరికి 22 దాటింది. దిర్హమ్ పెరిగిందని అంటుంటాం గానీ అది ఉన్నచోటే ఉంది, దిగింది మనం. మధ్యలో ఒక్కసారి, 2007 చివర్లో డాలర్ 39 చిల్లరకి వచ్చినప్పుడు దిర్హమ్ పదకొండు లోపుకి పడింది, అప్పుడు పేపర్లు రూపాయి బలపడిందని సంబరంగా రాస్తే గల్ఫ్ నుంచి డబ్బు రావాల్సిన ఇళ్లల్లో మాత్రం ఏడుపే.

మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లకి ఇది పేపర్ వార్త కాదు. రూపాయి పడితే లాభం కదా, ఎక్కువ వస్తాయి కదా అంటారు. వీసా కోసం ఊళ్లో చేసిన అప్పు రూపాయల్లో ఉంటుంది కాబట్టి అది తీర్చే ఏడాది రెండేళ్లు నిజంగానే లాభం. తర్వాత? వెయ్యి దిర్హమ్‌ల జీతం 2007 చివర్లో పంపితే పది వేల ఏడొందలు, అదే జీతం 2022 చివర్లో ఇరవై రెండు వేల పైన, రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. ఆ పదిహేనేళ్లలో ఇక్కడ ధరలు రెట్టింపుకి మించి పెరిగాయి, అంటే చేతికొచ్చే నోట్లు ఎక్కువ, కొనే బియ్యం తక్కువ. పైగా ఇదే లెక్కని ఏజెంట్లు తిప్పి వాడతారని నా అనుమానం, "రూపాయల్లో చూస్కో తమ్మీ ఎంతయితదో" అంటే దిర్హమ్ జీతం పెంచమని అడిగే నోరు పెగలదు.

అందుకే రేటు కంటే జీతం సంగతి నాకు పెద్దదిగా కనిపిస్తుంది. 2020 సెప్టెంబర్‌లో, కరోనా టైంలో, గల్ఫ్‌కి వెళ్లే మన కార్మికులకి ఇవ్వాల్సిన కనీస రిఫరల్ వేతనాన్ని కేంద్ర విదేశాంగ శాఖే తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది, తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక 2021లో వెనక్కి తీసుకుంది. రూపాయి ఎంత పడినా పూడ్చలేని కోత అది, ఎందుకంటే కోసింది డాలర్ల లెక్కలో. 2023 జూలైలో రూపాయి, దిర్హమ్‌లలో నేరుగా వ్యాపారం చేసుకుందామని రెండు దేశాల సెంట్రల్ బ్యాంకులు ఒప్పందం చేసుకున్నాయి, ఇండియన్ ఆయిల్ అబుదాబి క్రూడ్‌కి రూపాయల్లో చెల్లించింది కూడా. బాగానే ఉంది, కానీ ఆ క్రూడ్ రేటు కట్టేది ఇప్పటికీ డాలర్లలోనే.