కోషిత్సే కుర్రాడు, గ్రేడు పంతుళ్లు

డ్రాఫ్ట్ అయిన మర్నాడు పొద్దున్నే గ్రేడ్లు వచ్చేస్తాయి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ జట్లు ఏటా వేసవిలో పద్దెనిమిదేళ్ల ఐస్ హాకీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. కుర్రాడు వేదికెక్కి జట్టు చొక్కా తొడుక్కుంటాడు, టోపీ పెట్టుకుంటాడు, కింద కూర్చున్న వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటుంది. ఆ టోపీకున్న చీటీ అయినా ఊడకముందే గ్రేడు పంతుళ్లు, అంటే జట్ల ఎంపికలకు మార్కులు వేసే పత్రికల నిపుణులు, కలం తీస్తారు. ఈ జట్టుకు ఏ ప్లస్. ఆ జట్టుకు సి. కుర్రాడు ఆ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆడడానికి కనీసం మూడు నెలలుంది, కొందరికైతే మూడేళ్లుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన పెద్దలు ఈ పంతుళ్లను చూసి ఉంటే ఆ సామెత కట్టినందుకు నొచ్చుకునేవారు. ఆ తండ్రి పాపం కొడుక్కి పేరు మాత్రమే పెట్టాడు, మార్కులు వేయలేదు.

కుర్రాడు ఐరోపావాడైతే పంతుళ్లకు పండగే. కెనడా కుర్రాడి ఆటను వాళ్లు ఎంతో కొంత చూసి ఉంటారు, కాబట్టి రాసేటప్పుడు కాస్త జంకు ఉంటుంది. ఐరోపా కుర్రాడి విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదు.

2022 జూలై 7 రాత్రి సంగతి మీకు తెలిసిందే. మొదటి ఎంపిక మాంట్రియల్ కెనడియన్స్‌ది. డ్రాఫ్ట్ జరిగిందీ వాళ్ల సొంత మైదానం బెల్ సెంటర్‌లోనే. మొదటివాడు షేన్ రైట్ అని పంతుళ్లు ఎన్నడో తీర్మానించేశారు. కెనడాలోని ఒంటారియో జూనియర్ లీగ్‌లోకి 15 ఏళ్లకే ప్రత్యేక అనుమతితో అడుగుపెట్టిన కుర్రాడు, పక్కనున్న కింగ్‌స్టన్‌లో ఆడేవాడు, ఇంకేం కావాలి? మాంట్రియల్ వాళ్లు మైకు ముందుకొచ్చి యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ అన్నారు. స్లొవాకియాలోని కోషిత్సేలో పుట్టినవాడు. ఆ దేశం నుంచి మొదటి ఎంపికైన తొలి ఆటగాడు. ఆ దిగ్భ్రమ నుంచి పంతుళ్లు తేరుకోకముందే న్యూజెర్సీ రెండో ఎంపికగా ఇంకో స్లొవాకియా కుర్రాణ్ణి, షిమోన్ నేమెట్స్‌ను పట్టుకుపోయింది. రైట్ నాలుగో స్థానానికి జారి సియాటిల్ చేరాడు.

రైట్ వేదిక మీదికి వెళ్తూ మాంట్రియల్ వాళ్ల బల్ల వైపు చూశాడట. కోపంగా చూశాడట. ఆ మూడు క్షణాల వీడియోను ముందుకీ వెనక్కీ తిప్పి, మెడ ఎటు వంగింది, కనుబొమ ఎంత లేచింది అని ఎందరు నిపుణులు తేల్చారో లెక్కలేదు. ఆ శీతాకాలం డిసెంబరులో రైట్ తన తొలి నేషనల్ హాకీ లీగ్ గోల్‌ను సరిగ్గా మాంట్రియల్ మీదే కొట్టాడు. ఇక చూడాలి సంబరం! ఒక్క గోల్‌తో స్లాఫ్‌కోవ్‌స్కీ భవిష్యత్తు ముగిసిపోయింది.

పంతుళ్ల దగ్గర ఆధారాలు లేవని నేననడం లేదు. దండిగా ఉన్నాయి. డ్రాఫ్ట్‌కు ముందు సీజన్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీ ఫిన్‌లాండ్ పెద్దల లీగ్‌లో తుర్కు నగరపు టీపీఎస్ జట్టుకు 31 ఆటలాడి 10 పాయింట్లు తెచ్చాడు (గోల్‌కు ఒక పాయింటు, గోల్‌కు అందించిన పాస్‌కు, అంటే అసిస్ట్‌కు, ఒకటి). అదే శీతాకాలం బీజింగ్ ఒలింపిక్స్‌లో 7 ఆటల్లో 7 గోల్స్ కొట్టి, 17 ఏళ్లకే ఆ టోర్నీలో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, స్లొవాకియాకు ఐస్ హాకీలో తొలి ఒలింపిక్ పతకం అందించాడు. కుర్రాడు నచ్చనివాళ్లు మొదటి లెక్క చెప్పారు, నచ్చినవాళ్లు రెండోది చెప్పారు. రెండు లెక్కలూ ఒకే కుర్రాడివి కావడం ఎలా సాధ్యమని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

అడిగి ఉంటే జవాబు అంత కష్టమైనదేమీ కాదు. తుర్కులో అతని పక్కన ఆడేవాళ్లు ముప్పై దాటిన మగవాళ్లు, పిల్లల స్కూలు ఫీజులు కట్టుకునేవాళ్లు. ఆ ఏడాది టీపీఎస్ ఫైనల్ దాకా వెళ్లింది. అలాంటి జట్టు కోచ్ గోల్ కావలసినప్పుడు పదిహేడేళ్ల కుర్రాణ్ణి మంచు మీదికి పంపుతాడా, పదేళ్ల అనుభవమున్న వాణ్ణి పంపుతాడా? కుర్రాడు బెంచి మీద కూర్చుని చూస్తాడు. బెంచి మీద కూర్చున్నవాడికి పాయింట్లు రావు. ఒలింపిక్స్‌లో మంచు మీద ఉన్నాడు కాబట్టి గోల్స్ వచ్చాయి. (ఆ ఒలింపిక్స్‌కు నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్లు రాలేదు, కాబట్టి ఆ ఏడు గోల్స్‌నూ కాస్త తగ్గించి చూడాలన్నది న్యాయమైన మాటే. ఆ మాత్రం న్యాయం నాకూ ఉంది.) తర్వాత రింకు, అంటే మంచు మైదానం, సంగతి. ఐరోపాలో చాలాచోట్ల రింకు మరింత వెడల్పు. అంతర్జాతీయ కొలత చాలాకాలం 30 మీటర్లు, ఉత్తర అమెరికాలో సుమారు 26. గోడ దగ్గర పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందుకున్నవాడికి ఐరోపాలో ఒకసారి తిరిగి చూసుకునే వ్యవధి ఉంటుంది. ఉత్తర అమెరికాలో తల వంచి పక్ వైపు చూశాడో, ఎత్తే లోపల నూరు కిలోల మనిషి వచ్చి గోడకు అతికిస్తాడు. ఇది నేర్చుకోవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. గ్రేడు మాత్రం మర్నాడు పొద్దున్న ఏడింటికి కావాలి.

వాళ్ల ఆత్రం చూస్తే పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగమనడం కూడా అన్యాయమే అనిపిస్తోంది. అందుకని లీగ్ పెద్దలకు నాదొక వినతి: మూల్యాంకనం ప్రసూతి వార్డులోనే మొదలుపెట్టించండి. స్వీడన్‌లో ఓర్న్‌షెల్డ్స్‌వీక్ అనే చిన్న ఊరుంది. హాకీ దిగ్గజాలు పీటర్ ఫోర్స్‌బర్గ్‌నూ సెడీన్ కవలలనూ ఇచ్చిన ఊరు. అక్కడి ఆసుపత్రిలో రేపు తెల్లవారుజామున ఒక మగపిల్లవాడు పుడతాడనుకుందాం. బయట బల్ల మీద తండ్రి, తండ్రి పక్కన ముగ్గురు పంతుళ్లు, ఒకరి చేతిలో స్టాప్‌వాచీ. నర్సు బిడ్డను తెచ్చి చూపిస్తుంది. మొదటి పంతులు రాసుకుంటాడు: పొడవు ఫరవాలేదు, ఒంట్లో కండ పట్టాలి. రెండో పంతులు ఏడుపు వింటాడు: పట్టుదల ఉంది, కానీ తల్లి దగ్గరికి తీసుకోగానే ఆపేశాడు, కీలక సమయంలో చల్లబడే రకం. మూడో పంతులు కాళ్లు చూస్తాడు: కుడికాలు తన్నినంత బలంగా ఎడమకాలు తన్నడం లేదు, మొదటి మూడు అడుగుల్లో వేగం అందుకోలేడు. బిడ్డ తుమ్ముతాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, 'రక్షణ మీద ధ్యాస తక్కువ' అని ఏకగ్రీవంగా రాస్తారు. కాస్త బయటికి వెళ్లండి, బిడ్డకు పాలివ్వాలి అంటుంది నర్సు. 'స్థానిక శిక్షకుల సహకారం లేదు.' చలి అని బామ్మ బిడ్డకు ఉన్ని టోపీ పెడుతుంది. 'మెత్తటి పెంపకం. ఐరోపా వాళ్లంతా ఇంతే.' పెద్దయ్యాక ఎవరిలా ఆడతాడంటారు అని తండ్రి ఆశగా అడుగుతాడు. స్వీడన్ బిడ్డ కాబట్టి స్వీడన్ వాళ్లతోనే పోల్చాలన్నది శాస్త్రం. బాగా పెరిగితే ఫోర్స్‌బర్గ్, పెరగకపోతే మళ్లీ ఈ ఊరే. సాయంత్రానికి ర్యాంకులు వెలువడతాయి. ఆ వారం పుట్టినవాళ్లలో ఇతనికి రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు కెనడా రాయబారి గారి మనవడిది. ఆ పిల్లవాడు ఇంకా పుట్టలేదు గాని, కుటుంబం మంచిదట. మర్నాడు పొద్దున ఆసుపత్రికి గ్రేడు: బి మైనస్.

నవ్వకండి. దీనికీ, డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షల తంతుకూ పెద్ద తేడా లేదు. పెళ్లిచూపుల్లో పిల్లను ఒకసారి అటు నడవమ్మా అన్నట్టు అక్కడ కుర్రాళ్ల చేత దూకిస్తారు, సైకిలు తొక్కిస్తారు, కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగమంటారు. 2014లో శామ్ బెనెట్ అనే కెనడా కుర్రాడు ఒక్కసారి కూడా పైకి లాగలేకపోయాడు. ఖండమంతా నవ్వింది. 2025లో ఫ్లోరిడా జట్టు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ (కప్పు కోసం జరిగే చివరి పోటీలు) అత్యుత్తమ ఆటగాడు అతనే. కప్పు ఎత్తడానికి చేతుల బలం ఎక్కడి నుంచి వచ్చిందో పంతుళ్లు ఇప్పటికీ వివరించలేదు. ఆ 2014లోనే బెనెట్ కన్నా ఒక స్థానం ముందు, మూడో ఎంపికగా, జర్మనీలోని కొలోన్ నుంచి వచ్చిన లియోన్ డ్రైసైట్ల్‌ను ఎడ్మంటన్ తీసుకుంది. మొదటి సీజన్‌లో 37 ఆటలు, 2 గోల్స్, 7 అసిస్ట్‌లు. మధ్యలోనే జూనియర్ లీగ్‌కు తిరిగి పంపారు. 2020లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడి ట్రోఫీ అతనికే ఇచ్చారు.

మాంట్రియల్‌కు వద్దాం. స్లాఫ్‌కోవ్‌స్కీ మొదటి సీజన్ 39 ఆటలు, 4 గోల్స్, 6 అసిస్ట్‌లు. జనవరిలో గాయంతో అంతే. పంతుళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? వాళ్ల దగ్గర ఇంకో ఘనకార్యం ఉంది: మళ్లీ డ్రాఫ్ట్. ఏడాది గడవగానే పాత డ్రాఫ్ట్‌ను కాగితం మీద మళ్లీ జరిపి, ఎవరు ఎన్నో స్థానంలో ఉండాల్సిందో సవరించి అచ్చు వేస్తారు. తాము తప్పు రాశామని ఎక్కడా అనరు, తప్పంతా జట్లదే. ఆ సవరణల్లో కోషిత్సే కుర్రాడు కిందికి, ఇంకా కిందికి జారాడు. ఆ కుర్రాడికి అప్పటికి పందొమ్మిదేళ్లు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పదిహేనేళ్లకు ఇల్లు వదిలి తెలియని భాషలో బతకడానికి ఫిన్‌లాండ్ వెళ్లిన పిల్లవాడు. పద్దెనిమిదేళ్లకు ఇంకో ఖండం, అక్కడ రెండు భాషలు. మోకాలో చీలమండో దెబ్బతిని కూర్చున్న పిల్లవాణ్ణి పట్టుకుని వీడు పనికిరాడు, మెత్తనివాడు, డబ్బు దండగ అని రాయడానికి చేతులెలా వచ్చాయయ్యా? 'మెత్తనివాడు' అనే మాట ఐరోపా కుర్రాడి కోసం వీళ్ల సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సెడీన్ కవలలు 1999లో రెండు, మూడు ఎంపికలుగా వాంకూవర్ వచ్చినప్పటి నుంచి ఏళ్ల తరబడి వాళ్లను 'సెడీన్ అక్కాచెల్లెళ్లు' అని వెక్కిరించారు. ఆడవాళ్లతో పోలిస్తే అవమానమనుకునే మగతనం ఇది! ఇద్దరూ ఆడుతూనే పోయారు. 2010లో హెన్రిక్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు, మరుసటి ఏడాది పాయింట్లలో డేనియల్ మొదటివాడయ్యాడు, 2022లో ఇద్దరూ కలిసి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లారు. వెక్కిరించిన నోళ్లలో ఎన్ని క్షమాపణ చెప్పాయి? అదే 1999లో మొదటి ఎంపిక చెక్ కుర్రాడు పాత్రిక్ ష్తెఫాన్, అతను నిలదొక్కుకోలేకపోయాడు. 210వ ఎంపిక హెన్రిక్ జెటర్‌బర్గ్, 2008 ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడు. లోటు ఎంపిక చేసేవాళ్ల కళ్లలోనూ ఉంది, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు తప్పు చేస్తే ఉద్యోగాలు పోతాయి. పంతులుకు ఏమి పోతుంది?

రెండో సీజన్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీని కోచ్ మార్టిన్ సాన్ లూయీ సహ ఆటగాళ్లు సుజుకీ, కాఫీల్డ్‌ల పక్కన ఆడించాడు. 82 ఆటలు, 20 గోల్స్, 50 పాయింట్లు. ఈ సాన్ లూయీ ఎవరు? మాంట్రియల్ పక్క ఊరివాడే, పొట్టివాడని ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోనివాడు. మొత్తం డ్రాఫ్ట్‌లోనే పేరు పిలవనివాడు 2004లో స్టాన్లీ కప్పునూ అత్యంత విలువైన ఆటగాడి ట్రోఫీనీ ఒకే ఏడాది అందుకున్నాడు. పద్దెనిమిదేళ్లవాడికి కొంచెం గడువివ్వాలని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. 2024 జూలై 1న మాంట్రియల్ ఈ కుర్రాడితో 8 ఏళ్లకు 6 కోట్ల 8 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. పంతుళ్లు వెంటనే కళ్లజోళ్లు సవరించుకున్నారు. అంత ఎక్కువ ఎందుకిచ్చారన్నది ఇప్పుడు వాళ్ల బాధ.

వాళ్లు తప్పుపట్టలేని ఆటగాడు ఈ డ్రాఫ్ట్ చరిత్రలో ఒక్కడే ఉన్నాడు. 1974లో డ్రాఫ్ట్ టెలిఫోన్ మీద, రోజుల తరబడి సాగుతుంటే విసిగిపోయిన బఫలో జనరల్ మేనేజర్ పంచ్ ఇమ్లాక్, 183వ ఎంపికగా జపాన్‌కు చెందిన టోక్యో కటానాస్ జట్టు ఆటగాడు టారో సుజిమోటో పేరు చెప్పాడు. లీగ్ నమోదు చేసుకుంది. తర్వాత తేలిందేమంటే సుజిమోటో లేడు, కటానాస్ జట్టూ లేదు. మనిషే లేడు కాబట్టి స్కేటింగ్‌లో లోపం లేదు, రక్షణలో ధ్యాస తగ్గలేదు, మెత్తనివాడన్న మాట పడలేదు. గ్రేడు పంతుళ్ల కాలంలో ఉండి ఉంటే ఏ ప్లస్ ఖాయం.

2025లో చికాగో మూడో ఎంపికగా స్వీడన్ కుర్రాడు ఆంటన్ ఫ్రొండెల్‌ను తీసుకుంది. ఆడింది స్వీడన్ రెండో అంచె లీగ్‌లో, యుర్గోర్డెన్ జట్టుకు. గ్రేడ్లు యథాప్రకారం వచ్చాయి, సోమలింగానికి మార్కులు పడ్డాయి. పత్రికల వారిని నేనడిగేది ఒక్కటే. ఫ్రొండెల్‌కు గ్రేడు వేసిన పంతులు పేరు పక్కనే, అదే అక్షరాల సైజులో, 2022లో ఆయన రైట్‌కూ స్లాఫ్‌కోవ్‌స్కీకీ వేసిన గ్రేడ్లు కూడా వేయండి. పేజీలో చోటు చాలదంటే ఆ 'మళ్లీ డ్రాఫ్ట్' తీసేయండి, కావలసినంత దొరుకుతుంది.