‘ఆళ్ళు తినట్లేదా’ అని ఇంకోసారి నా ముందు అనకండి

పొద్దున్న జరిగింది ఇది. ఇప్పుడు రాత్రి పదయింది. ఇంకా కోపం దిగలేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా వీధి చివర ఒకావిడ ఉంటుంది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఐసులో చేతులు నాని నాని వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడటం లేదు. మూడు రోజులుగా తిరుగుతోంది. “నా మాట ఎవరూ వినట్లేదు బాబూ, నువ్వొచ్చి కాస్త చెప్పు” అంటే ఇవాళ తోడు వెళ్ళాను.

మా ముందు ఒకాయన నిలబడ్డాడు. నాకు తెలిసిన మనిషే. రెండంతస్తుల ఇల్లు, కింద రెండు షాపులు అద్దెకి. కారు బావమరిది పేరు మీద ఉంది. ఎందుకంటే కారుంటే రైస్ కార్డు రాదు. వేలు పెట్టాడు, ముద్ర పడింది. డీలరు అడిగిన మాట ఇది: “బియ్యమా, డబ్బులా?” ఏదో టీయా కాఫీయా అన్నంత మామూలుగా. నలుగురికి 20 కిలోలు, కిలో పది చొప్పున రెండొందలు. ఆయన జేబులో పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు సంచి కూడా తెచ్చుకోలేదు.

తర్వాత ఈవిడ. పది వేళ్ళూ పెట్టించారు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. కన్ను చూసే మిషన్ పాడయిందట. “రేపు రామ్మా” అన్నాడు డీలరు. “రేపు కూడా మానేస్తే కూలి పోద్ది బాబూ” అందావిడ. అతను అప్పటికే వెనకాల వాళ్ళ కార్డు అందుకున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. బండి తీస్తున్న ఆయన్ని అడిగాను, బియ్యం అక్కర్లేనప్పుడు కార్డెందుకండీ మీకు అని. ఆయన జవాబు: “మా కోటా మా ఇష్టమండీ. ఆళ్ళు కోట్లు తినట్లేదేంటండీ? ముందు ఆళ్ళనడగండి. నా రెండొందలకే దేశం మునిగిపోద్దా?”

ఆళ్ళంటే రాజకీయ నాయకులు. లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆయన మాట కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

మునిగిపోతుందండీ. మీ రెండొందలతోనే మునుగుతోంది.

మీరు వదిలేసిన ఆ 20 కిలోలు డిపోలో ఉండవు. రాత్రికి ఆటోలో మిల్లుకి పోతాయి. అక్కడ పాలిష్ పడతాయి, సంచీ మారుతుంది. అక్కణ్ణుంచి పోర్టుకి, పోర్టు నుంచి పశ్చిమ ఆఫ్రికాకి. కాకినాడ వాళ్ళకి ఇది నేను చెప్పాలా? 2024 నవంబరు ఆఖర్లో పవన్ కల్యాణ్ వచ్చి ‘సీజ్ ద షిప్’ అన్నప్పుడు ఫోన్లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. స్టెల్లా ఎల్ అనే ఓడ. అందులో రేషన్ బియ్యం ఉన్నాయని తర్వాత అధికారులే తేల్చారు. మా వీధిలో పెద్దా చిన్నా అందరూ తిట్టారు. మిల్లర్లని తిట్టారు, ఎగుమతిదారులని తిట్టారు, పార్టీలని తిట్టారు. ఆ ఓడలోకి మొదటి గింజ ఎక్కడి నుంచి వెళ్ళిందో ఒక్కరూ మాట్లాడలేదు. మామూలుగా మన వేలిముద్ర పడందే డిపో లెక్కలోంచి బియ్యం కదలవు. ప్రభుత్వానికి కిలోకి 40 రూపాయల దాకా పడే బియ్యం అవి. మనం పదికి అమ్ముతున్నాం. మిగతా ముప్పై ఎవరి జేబులోకి పోతోందో ఆ మనిషినే మళ్ళీ టీవీలో చూసి తిడుతున్నాం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నిజంగా లేనివాళ్ళు కూడా అమ్ముతారు. ముతక బియ్యం, నూక, పిల్లలు తినట్లేదని ఆ పదికి ఇంకో నలభై కలిపి సన్నబియ్యం కొనుక్కుంటారు. వాళ్ళని నేను ఏమీ అనను. తినగలిగే బియ్యం ఇవ్వడం ప్రభుత్వం పని. నా కోపం అంతా సంచి తెచ్చుకోకుండా వచ్చిన వాళ్ళ మీద.

మా నాయనమ్మది మెట్ట. చిన్నప్పుడు చోడంబలి, అంటే రాగి అంబలి తప్ప వరన్నం పండగలకేనని చెప్పేది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ పొయ్యి మీద అన్నం ఉడికిందని చెప్పినప్పుడల్లా ఆవిడ కళ్ళు తడిసేవి. అలాంటి బియ్యం ఇవి. దాన్ని ఈరోజు మనం పెట్రోలు ఖర్చుగా మార్చుకుంటున్నాం.

ఇక ‘ఆళ్ళు కోట్లు తినట్లేదా’ సంగతి. తింటున్నారు. ఎందుకు తింటున్నారో లెక్క వేద్దాం. అసెంబ్లీ అభ్యర్థి పెట్టే ఖర్చుకి పరిమితి 40 లక్షలు. నియోజకవర్గంలో రెండు లక్షల ఓట్లు అనుకోండి. అందులో సగం మందికి రెండేసి వేలు పంచినా 20 కోట్లు. ఆ 20 కోట్లు ఆయన సొంత పొలం అమ్మి తెచ్చాడా? తెచ్చినా వదిలేస్తాడా? ఇసుకలో తీస్తాడు, మట్టిలో తీస్తాడు, రోడ్డు కాంట్రాక్టులో తీస్తాడు, ఇదే బియ్యంలో తీస్తాడు. మనం రెండు వేలు తీసుకున్న రోజే వీటన్నిటికీ సంతకం పెట్టి ఇచ్చేశాం. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకి డబ్బు కవర్లు రాలేదని ఆడవాళ్ళు రోడ్డెక్కితే టీవీలో అందరం చూశాం. తెలంగాణ వాళ్ళు అలా, మనం ఇలా అనకండి. 2024లో మా వీధిలో ఒకావిడ, పక్క వీధికి ఇచ్చి మాకు ఎగ్గొట్టారని లోకల్ లీడర్ ఇంటికి వెళ్ళి గొడవ పెట్టుకుంది. న్యాయం కోసం పోరాడినట్టే మాట్లాడింది. ఓటుకి డబ్బు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఏడాది వరకు జైలు అని చట్టంలో ఉంది. ఇచ్చినవాడి సంగతే మాట్లాడతాం మనం.

అసలు ఈ కార్డుల విషయంలో నా కడుపుమంట ఈనాటిది కాదు.

2009లో నేను ఇంజినీరింగ్‌లో చేరాను. మా నాన్న ఆర్టీసీ కండక్టరు. మాది గులాబీ కార్డు, అంటే పేదల కోటా కాదు. జీతం కాగితం మీద స్పష్టంగా ఉండేది, దాయడానికేం లేదు. నా పక్క బెంచీలో కూర్చునే వాడికి పన్నెండెకరాల కొబ్బరి తోట, రైస్ మిల్లులో వాటా. వాళ్ళది పేదలకిచ్చే తెల్ల కార్డు. మండలాఫీసు నుంచి ఏడాదికి అరవై వేల ఆదాయమని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. వాడికి ఫీజు రీయింబర్స్‌మెంట్. మా నాన్న ఏటా ముప్పై వేల పైచిలుకు ఫీజు కట్టడానికి పీఎఫ్ లోన్ పెట్టాడు, డబుల్ డ్యూటీలు చేశాడు. రాత్రి రెండింటికి ఇంటికొచ్చి నైట్ కలెక్షన్ లెక్క చూసుకుంటూ కుర్చీలోనే నిద్రపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. వాళ్ళ నాన్న సంక్రాంతికి వచ్చి, “మాకూ దొరికింది లెండి, మీరూ ఒక కాగితం సంపాదించుకోవాల్సింది” అని మా నాన్నకి సలహా ఇచ్చాడు. మా నాన్న ఏమీ అనలేదు. ఆ రోజు నాకు నాన్న మీదే కోపం వచ్చింది, చేతకాని మనిషని. ఆ కోపం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆ పన్నెండెకరాల ఆయన మంత్రి కాదు, ఎమ్మెల్యే కాదు. కార్తీక మాసంలో అన్నదానం చేసే మంచి మనిషి. ఊళ్ళో అందరూ గౌరవించే మనిషి. అలాంటి సర్టిఫికెట్లు ఊరూరా ఎన్ని ఉన్నాయో మీ ఊరి గురించి మీకే తెలుసు. నిధులు చాలక బకాయిలు పడి, కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు ఆపేసి, నిజంగా కూలి పని చేసేవాళ్ళ పిల్లలు గేటు దగ్గర ఏడుస్తుంటే ప్రభుత్వాన్ని తిట్టాం. తిట్టాల్సిందే. కానీ ఆ పిల్లల వంతులో చెయ్యి పెట్టినవాళ్ళు మన పక్కింట్లో ఉన్నారు. మనింట్లో కూడా ఉన్నారేమో చూసుకోండి.

నేనూ మినహాయింపు కాదు. 2019లో మూడు సెంట్ల స్థలం కొన్నాను. కాగితంలో ప్రభుత్వ విలువ, మిగతాది సంచిలో. డాక్యుమెంటు రైటరు ‘ఆఫీసు ఖర్చులు’ అని ఎనిమిది వేలు అడిగాడు. దేనికని అడగలేదు, ఇచ్చేశాను. అంతకు ఏడాది ముందే, 2018లో, చట్టం మార్చారు. లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ళ వరకు శిక్ష. బలవంతంగా ఇవ్వాల్సొస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. నేను ఏడు రోజుల్లో చేసిన పని శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించుకోవడం. ఇది ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. పొద్దున్న ఆ మనిషిని నిలదీస్తుంటే గొంతులో అడ్డం పడింది ఇదే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు బియ్యం అక్షరాలా ఒకరి కంచంలోంచి పోతున్నాయి. ఆవిడ కంచంలోంచి. ఈ దేశంలో పేదరికం ఎందుకు పోవట్లేదని అడిగే ప్రతి ఒక్కరూ ఆ డిపో ముందు ఒక గంట నిలబడండి. పల్లెలో నెలకి 10 వేలు, పట్నంలో 12 వేలు దాటితే కార్డు ఉండకూడదు. బళ్ళు చూడండి, చేతులకి ఉన్న ఉంగరాలు చూడండి, ఫోన్లు చూడండి. ఆ ఉంగరాలున్న వేళ్ళన్నిటికీ ముద్ర పడుతోంది. పని చేసి అరిగిన వేళ్ళకే పడట్లేదు.

కామెంట్లలో నన్ను ఏ పార్టీ అని అడగొద్దు. అడిగితే బ్లాక్ చేస్తాను. డీలరు పేరు కూడా అడగొద్దు. అతనొక్కణ్ణి పట్టించి మనమంతా చేతులు దులుపుకోవడానికి కాదు ఇది రాసింది.

ఆవిడ రేపు కూడా పని మానేస్తోంది. ఎనిమిదింటికి డిపో తెరుస్తారు. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. కన్ను చూసే మిషన్ బాగు చేయించేదాకా, లేదా ఆవిడ బియ్యం ఆవిడ సంచిలో పడేదాకా అక్కడే కూర్చుంటాం ఇద్దరం. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తానంటే రండి. వచ్చేటప్పుడు మీ కార్డు మీకు నిజంగా కావాలో వద్దో ఆలోచించుకుని రండి. వద్దనుకుంటే సచివాలయం పక్కనే ఉంది, సరెండర్ చేసి వెళ్దురుగాని.