సవరణ: "చిన్న మార్పు" గురించి నేను రాసింది తప్పు

వికీపీడియాలో కొత్తగా రాసేవాళ్లకి సూచనలిస్తూ, ఒకటి రెండు అక్షరాలే మారిస్తే, మార్పు భద్రపరిచేచోట ఉండే "ఇది ఒక చిన్న మార్పు" అనే గడిలో టిక్ పెట్టేయమని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. ఎన్ని అక్షరాలు మారాయన్నదానితో పనిలేదు. అర్థం మారితే అది చిన్న మార్పు కిందికి రాదు.

ఒత్తు సరిచేయడం, అదనపు ఖాళీ తీసేయడం చిన్నవే. పుట్టిన సంవత్సరం 1932ని 1923 చేస్తే మాత్రం టిక్ పెట్టకండి. మూలం ఇచ్చి, దిద్దుబాటు సారాంశంలో (ఏం మార్చామో రాసే పెట్టెలో) కారణం రాయండి. వీక్షణ జాబితాలో (తాము గమనిస్తున్న పేజీల్లో జరిగిన మార్పుల జాబితాలో) చిన్న మార్పులు కనబడకుండా పెట్టుకునేవాళ్లు ఉంటారు. టిక్ పెడితే అది వాళ్ల కంటపడదు, తప్పయినా అలాగే ఉండిపోతుంది.

ఇప్పటికే అలా చేసినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ప్రచురించాక టిక్ తీయలేం కాబట్టి, ఆ వ్యాసం చర్చా పేజీలో ఆ మార్పు గురించి ఒక్క వాక్యం రాసి చివర నాలుగు టిల్డేలు (~~~~) పెట్టండి, సంతకం పడుతుంది.