గూడబాతుల లెక్క విమానాలకు కట్టకండి

నెల రోజుల్లో నాలుగోసారి అదే మెసేజ్. "బాతులు వి ఆకారంలో ఎగిరి 71 శాతం ఎక్కువ దూరం వెళ్తాయి. విమానాలూ అలాగే ఒకదాని వెనక ఒకటి వెళ్తే ఇంధనం సగం మిగులుతుంది, టికెట్ ధర సగమవుతుంది. ప్రమాదమేమీ లేదు. ఆయిల్ కంపెనీలే ఆపుతున్నాయి." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ 71 శాతం 1970లో 25 పక్షులను ఊహించుకుని కాగితం మీద వేసిన లెక్క. 2001లో ఇలాగే బారులు కట్టి ఎగిరే గూడబాతుల (పెలికాన్ల) గుండె వేగం నిజంగా కొలిచి చూస్తే శ్రమలో ఆదా 11 నుంచి 14 శాతంగా తేలింది.

ఆయిల్ కంపెనీల కుట్రా? ఇంధనం బిల్లు కట్టేది విమాన సంస్థలు. సగం మిగిలే దారి ఉంటే అవి ఒక్కరోజు కూడా ఆగవు.

నాకు ఒళ్లు మండింది "ప్రమాదమేమీ లేదు" అన్న మాటకు. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి రెండు సుడులు పుట్టి, మెల్లగా కిందికి దిగుతూ నిమిషాల తరబడి గాలిలో ఉంటాయి. 2017 జనవరిలో అరేబియా సముద్రం మీద ఏ380 అనే భారీ ప్రయాణికుల విమానం కింద, వెయ్యి అడుగుల తేడాతో, ఎదురుగా వచ్చిన చిన్న బిజినెస్ జెట్ ఆ సుడిలో చిక్కింది. పల్టీలు కొట్టి వేల అడుగులు పడిపోయింది. లోపలివాళ్లకు గాయాలయ్యాయి. మస్కట్‌లో ఎలాగో దిగింది కానీ ఆ విమానం మళ్లీ ఎగరలేదు. ఇది తెలిసీ "ప్రమాదమేమీ లేదు" అని ఎలా రాస్తారు? తెలియకపోతే ఎందుకు రాస్తారు?

అయినా ఒకటి ఒప్పుకోవాలి. అసలు ఆలోచన తప్పు కాదు. 2021 నవంబరులో విమానాలు తయారుచేసే ఎయిర్‌బస్ సంస్థ రెండు ఏ350 విమానాలను ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి కెనడాలోని మాంట్రియల్‌కు 3 కిలోమీటర్ల ఎడంతో నడిపింది. వెనక విమానం సుడిలోకి పోకుండా, దాని పక్కన పైకి లేచే గాలిని పట్టుకుంది. 6 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గింది, అంటే సుమారు 2 టన్నుల ఇంధనం. దూర ప్రయాణాల్లో 5 శాతం మిగలొచ్చని వాళ్ల అంచనా. అది చిన్న సంగతేమీ కాదు. కానీ సగం ఎక్కడ, 5 ఎక్కడ? అదీ వెనక విమానానికే.

మరి రోజూ ఎందుకు చెయ్యరంటారా? వేర్వేరు ఊళ్ల నుంచి బయల్దేరిన రెండు విమానాలు సముద్రం మీద ఒకే చోటికి ఒకే వేళకు చేరాలి. ఒకటి పది నిమిషాలు ఆలస్యమైతే మధ్య దూరం 150 కిలోమీటర్లు. రెండోది దాని కోసం ఆగినా, ఆలస్యమైనది వేగం పెంచినా, మిగలాల్సిన ఇంధనం అక్కడే కాలిపోతుంది.

మళ్లీ పంపాలనిపిస్తే, కనీసం ఆ "ప్రమాదమేమీ లేదు" అన్న వాక్యం తీసేసి పంపండి.