మొదటి నంబరు ఐఎంపీ గారికి ఒక విన్నపం

బోల్టర్ హాల్, 3420వ గది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజలస్‌లో వేంచేసియున్న ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్ గారికి,

ఆర్యా,

ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్‌లో పరిశోధకుల కంప్యూటర్లను కలిపిన పెళ్లిళ్ల పేరయ్యగా తమరికి ఎంత పేరున్నా, తమరి పుట్టుకకు కారణం మాత్రం పండితుల పిసినారితనమేనని నా అభిప్రాయం. అడిగిన ప్రతి విశ్వవిద్యాలయానికీ ఒక్కొక్క పెద్ద కంప్యూటరు కొనిపెట్టలేక, ఉన్నవాటినే తీగల మీద పంచుకోండని అమెరికా రక్షణశాఖవారి అర్పా సంస్థ 1967లో యాన్ ఆర్బర్ సమావేశంలో ప్రతిపాదిస్తే, ఆ సంస్థ సొమ్ముతో పనిచేస్తున్న ఆచార్యులే మొహాలు ముడుచుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, ఇక్కడి అల్లుళ్లు దానానికి కూడా ఒప్పుకోలేదు. ఊరందరి బరువూ మా యంత్రం మీదేనా అని వారు సణుగుతుంటే, సందేశాలు చేరవేసే ఆ మోతపని వేరే చిన్న కంప్యూటర్లకు అప్పగించమని కంప్యూటరు శాస్త్రవేత్త వెస్లీ క్లార్క్ గారు సలహా చెప్పబట్టి తమరు అవతరించారు.

తమరి తయారీ కాంట్రాక్టు మసాచుసెట్స్‌లోని బీబీఎన్ కంపెనీకి దక్కినప్పుడు, ఆ రాష్ట్ర సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ గారు ఇంటర్‌ఫేస్‌ను ఇంటర్‌ఫెయిత్‌గా పొరబడి, సర్వమత సమన్వయ యంత్రానికి అభినందనలంటూ తంతి పంపారని చెబుతారు. సిగ్మా 7, ఎస్‌డీఎస్ 940, ఐబీఎం 360, పీడీపీ 10 అనే నాలుగు కంప్యూటరు మతాలవారిని 1969 ముగిసేలోగా ఒక పంక్తిలో కూర్చోబెట్టారు కనుక, ఆ తంతిలో తప్పుందని నేను అనలేను.

ముహూర్తం 1969 అక్టోబరు 29, రాత్రి పదిన్నర. తమరి చెంతనున్న విద్యార్థి చార్లీ క్లైన్ స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ కంప్యూటరుకు ‘లాగిన్’ అని పంపబోతే, ఎల్, ఓ అనే రెండక్షరాలు చేరాక అవతలి యంత్రం కుప్పకూలింది. కలిపి చదివితే అది మా షష్ఠీ విభక్తి ప్రత్యయం, ‘లో’. దేనిలో అన్నది తేలడానికి మరో గంట పట్టింది. తప్పు తమరిది కాదు. పేరయ్య సంబంధం కుదర్చగలడు గానీ, పీటల మీద పెళ్లికొడుకు మూర్ఛపోతే ఏం చేయగలడు?

1971లో ఇంజనీరు రే టామ్లిన్‌సన్ గారు ఒక యంత్రం నుంచి మరో యంత్రంలోని మనిషికి ఉత్తరం, అంటే ఈమెయిల్, పంపే ఉపాయం కనిపెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి తమరు మోసే సరుకులో నాలుగింట మూడు వంతులు ఆ ఉత్తరాలే. యంత్రం అరువివ్వమంటే సణిగిన పెద్దలు, సెకనుకు 50 వేల బిట్ల అద్దె తీగల మీద కబుర్లకు మాత్రం కరువు రానివ్వలేదు. ఆ ఉత్తరాల్లో ‘మా కంప్యూటరు ఖాళీగా ఉంది, వాడుకోండి’ అన్నది ఒక్కటైనా తమరి చేతుల మీదుగా వెళ్లి ఉంటే దయచేసి సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు